చిప్పు చవకైంది, డబ్బా చులకనైంది

ఇప్పటి పిల్లలకి పని చేతకాదని నేననను. ఆ మాట అనేవాళ్ళు వేరే ఉన్నారు, రచ్చబండ దగ్గర దొరుకుతారు. పిల్లలకి పని వచ్చు. వేళ్ళు చురుగ్గా ఉంటాయి, చూపు బాగుంటుంది, పాడైపోతుందేమోనన్న బెదురు అసలే ఉండదు. నా గొడవల్లా ఒకటే. బుర్ర పెట్టాల్సినచోట పెట్టరు, అక్కర్లేనిచోట కుమ్మరిస్తారు. నమ్మకం లేకపోతే ఇంట్లో బ్లూటూత్ స్పీకరు తయారుచేసే కుర్రాడి పక్కన ఒక పూట కూర్చుని చూడండి.

నేను చూశాను. మా మనవడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకి తెనాలి వస్తూ కోఠీ గుజరాతీ గల్లీలో సామాను కొనుక్కొచ్చాడు. సామానంటే సంచీడు ఉంటుందనుకున్నాను. చొక్కా జేబులోంచి తీశాడు. యాంప్లిఫయర్ బోర్డు ఒకటి, బొటనవేలంత కూడా లేదు. బ్లూటూత్ బోర్డు ఒకటి. ఛార్జింగు బోర్డు ఒకటి. లిథియం సెల్లు ఒకటి. మూడంగుళాల స్పీకర్లు రెండు మాత్రం బ్యాగులోంచి వచ్చాయి.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే తాతయ్యా. మధ్యాహ్నానికల్లా పాడుద్ది" అన్నాడు.

పాడింది కూడా. నా బాధంతా అక్కడే మొదలైంది.

మా రోజుల్లో చేత్తో మోసుకుపోయే పాటల పెట్టె కట్టాలంటే ముందు రైలెక్కాలి. సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్లో కొట్టుకొట్టుకీ తిరిగి, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఏసీ 128 జత ఏరుకోవాలి. జత అంటే రెండూ ఒకే గుణంతో ఉండాలి. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే పాట కుంటుతుంది. కొట్టువాడి మీటరు మీద పెట్టి చూపించమంటే వాడు విసుక్కునేవాడు. వాడి విసుగుని భరించడం కూడా పనిలో భాగమే. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, గ్యాంగ్ కండెన్సరు, రంగురంగుల తలలున్న ఐ.ఎఫ్.టి.లు, రంగుపట్టీల రెసిస్టెన్సులు. ఆ పట్టీలు చూసి విలువ చెప్పలేనివాణ్ణి మా రేడియో షాపులో బెంచీ దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు.

ఇంతా కట్టాక జెర్మేనియం చేసే అల్లరి వేరు. ఎండ ఎక్కేకొద్దీ దాంట్లో లీకేజీ కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే కరెంటు ఇంకా పెరుగుతుంది. రోహిణి కార్తెలో ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం వింటుంటే, కథ ముదిరేసరికి కథానాయకుడి గొంతు బొంగురుపోయేది. జనం ఆకాశవాణి వాళ్ళని తిట్టుకునేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, వేడి లాగేందుకు ట్రాన్సిస్టరుకి తొడిగిన రేకు క్లిప్పు వదులైపోయి ఉండేది. ఇక సెల్లులు. నీరసించిన టార్చి సెల్లుల్ని డాబా మీద ఎండబెట్టి మళ్ళీ వేసుకోని ఇల్లు ఊళ్ళో ఉండేది కాదు. వడియాల పక్కనే సెల్లులు.

పైగా లైసెన్సు! రేడియో వినాలంటే పోస్టాఫీసులో పుస్తకం తీసుకోవాలి, ఏటా డబ్బు కట్టాలి. ఎనభైల నడుమ ఎప్పుడో ఆ తతంగం ఎత్తేశారు. వినడానికే ప్రభుత్వానికి చెప్పుకోవాల్సిన మాకు, ఇప్పుడీ కుర్రాడి డబ్బాని చూస్తే ఒళ్ళు మండదా? ఇది వినడంతో ఊరుకోదు, తిరిగి ప్రసారం కూడా చేస్తుంది. ఫోనుతో మాట్లాడుతూనే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 ఛానెళ్ళు వేసుకుని, సెకనుకి 1600 సార్లు ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతుతూ మాట్లాడుతుంది. అడిగేవాడు లేడు, స్టాంపు వేసేవాడు లేడు.

ఇంత గెంతీ అది పోయేదెంత దూరం? పది మీటర్లు. మా సెట్టుకి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పగలంతా వచ్చేది. ఆ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు ఒకటిన. అమెరికాలో బెల్ లేబరేటరీ వాళ్ళు ట్రాన్సిస్టరు అనేదొకటి కనిపెట్టామని లోకానికి చెప్పింది కూడా ఆ ఏడాదే. చీకటిపడితే సముద్రం దాటుకుని సిలోన్ రేడియో వచ్చేది. మనవడు ఫోను వెనక జేబులో పెట్టుకుని వంటింట్లోకి పోతే హాల్లో పాట తెగిపోతోంది. "నీ ఒళ్ళే అడ్డంరా" అన్నాను. నిజమే కదా, మనిషి ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్ళు. ఆ తరంగాలని నీళ్ళు మింగేస్తాయి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా ఆ దరిదాపు తరంగాలతోనే.

సరే, ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. ఆ యాంప్లిఫయర్ చిప్పు పేరు పామ్ 8403. బోర్డుతో కలిపి యాభై రూపాయల లోపే వస్తుందట. భూతద్దంలో చూశాను. చిప్పు చుట్టూ ఉన్న కండెన్సర్లు, రెసిస్టెన్సులు ఆవగింజల్లా ఉన్నాయి, రంగుపట్టీల్లేవు. మా ఏసీ 128 జతతో పుష్‌పుల్ ఎంత బాగా కట్టినా, సెల్లు ఇచ్చినదాంట్లో స్పీకరుకి చేరేది కాగితం లెక్కలోనే 78 శాతం దాటదు. మిగిలింది వేడి. ఇది క్లాస్ డి. ట్రాన్సిస్టరుని సగం తెరిచి, సగం మూసి నడపడమన్న మాటే లేదు. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, సెకనుకి లక్షల సార్లు. ఎంతసేపు తెరిచింది, ఎంతసేపు మూసింది అన్న తేడాలోనే పాట ఉంటుంది. అంత వేగాన్ని స్పీకరు కాయిలు అందుకోలేదు కాబట్టి సగటుని పట్టుకుని కదులుతుంది. పాట నడుస్తుండగా చిప్పు మీద వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. రేకు క్లిప్పులు తొడిగి తొడిగి వేళ్ళు కాల్చుకున్నవాణ్ణి, ఒప్పుకోక చస్తానా!

దీనికో మెలిక ఉంది. స్పీకరుకి పోయే రెండు తీగల్లోనూ పాట ఉంటుంది. మా సెట్లలో నల్లతీగలన్నీ తీసుకుపోయి ఛాసీకి కలిపేవాళ్ళం. ఇందులో రెండు స్పీకర్ల నల్లతీగలూ ఒకచోట కలిపినా, గ్రౌండుకి తగిలించినా, చిప్పుకి నూకలు చెల్లినట్టే. మావాడు కలపలేదు. "ఎందుకు కలపకూడదురా?" అని అడిగాను. "వీడియోలో కలపొద్దన్నారు తాతయ్యా" అన్నాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం.

ఇంక అసలు కథ. ఇంత ముద్దుగా పనిచేసే బోర్డునీ, దానికి తగ్గ స్పీకర్లనీ తీసుకెళ్ళి ఏం చేశాడు? ఐస్‌క్రీం డబ్బా మూతకి రెండు కన్నాలు పెట్టి వేడిజిగురుతో అతికించాడు. ఆ జిగురు తుపాకీ ఒకటి వచ్చింది ఈమధ్య. అతుకు అన్నచోటల్లా అదే పోస్తారు. బోర్డుకీ అదే, సెల్లుకీ అదే, స్విచ్చికీ అదే. మన పల్నాటి ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద ఒక మధ్యాహ్నం వదిలేస్తే, సాయంత్రానికి ఏ భాగం ఏ మూల పడి ఉంటుందో డబ్బా విప్పితే తప్ప తెలియదు. మేకు లేదు, మర లేదు.

పాట పెట్టాడు. ఘంటసాల గొంతులో కింది సగం ఎవరో కోసుకుపోయినట్టుంది. తబలాలో చాటీ వినపడుతోంది, డగ్గా వినపడటం లేదు. వాడూ ముఖం చిట్లించాడు. చెవులున్నాయి వెధవకి, కాదనను. కానీ వాడికి తోచిన వైద్యం ఏమిటంటే, "బేసు రావట్లేదు తాతయ్యా, యాభై వాట్ల బోర్డు ఆర్డరు పెడతా."

చూశారా? మూర్ఖత్వం అనను, అలవాటు అంటాను. కొరత కనపడగానే కొనడం. యాభై వాట్లు నిజంగా రావాలంటే ఆ బోర్డుకి ఇరవై వోల్టుల పైన పొయ్యాలి. వీడి దగ్గరున్నది 3.7 వోల్టుల సెల్లు ఒక్కటి. నాలుగు ఓముల స్పీకరు మీద దాంతో లెక్క కడితే ఛానెలుకి ఒకటిన్నర వాట్ల దరిదాపు వస్తుంది. బోర్డు అమ్మేవాడు మూడు వాట్లన్నాడంటే అది అయిదు వోల్టులు ఇచ్చినప్పుడు, అదీ గొంతు చీలేదాకా సాగదీస్తే. ఒకటిన్నర వాట్లు తక్కువని ఎవరన్నారు? అర వాటు ట్రాన్సిస్టరు అరుగు మీద పెడితే వార్తలకి వీధి సగం చేరేది.

స్పీకర్లు మూతనుంచి ఊడబీకించాను. ఒకదాన్ని ఉత్త చేత్తో పట్టుకుని పాట పెట్టమన్నాను. కీచుమంది. తరవాత అట్టపెట్టె ముక్క, జానెడున్నర వెడల్పుది, నడిమధ్య స్పీకరు అట్ట అంత గుండ్రంగా కోయించి, ఆ కన్నానికి స్పీకరు ముఖాన్ని అదిమి పట్టుకోమన్నాను. అదే పాట, అదే వాల్యూము. గొంతు ఒక్కసారి దిట్టమైంది. తీసేస్తే పలచబడింది. పెడితే చిక్కబడింది. వాడు మూడునాలుగుసార్లు తీసి పెట్టి చూసుకుని, "ఇదేంటి తాతయ్యా!" అన్నాడు.

ఏముంది, గాలి. స్పీకరు అట్ట ముందుకి కదిలితే ముందున్న గాలిని తోస్తుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. సన్నస్వరాల అలలు పొట్టివి, ముందుకే పోతాయి. మంద్రస్వరాల అలలు పొడుగు. సెకనుకి వంద కంపనాలున్న స్వరం అల పొడవు పదకొండు అడుగుల పైమాటే. మూడంగుళాల స్పీకరు అంచు దానికొక అడ్డా? చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. ముందు తోసిన గాలి వెనక లాగిన గాలిని పూడ్చేస్తుంది, అంతటితో సరి. వెనక గాలిని ముందుకి రానివ్వకుండా ఆపేదే డబ్బా. డబ్బా అంటే అలంకారం అనుకుంటారు వీళ్ళు. రంగు వెయ్యడానికీ, లైట్లు వెలిగించడానికీ.

మా షాపు ఎదురుగా టీకొట్టతను ఉండేవాడు. బడికి వెళ్ళినవాడు కాదు. కొత్త కుండ తెచ్చి, దాని మూతి మీద ఎనిమిదంగుళాల స్పీకరు వెల్లకిలా పెట్టి, చుట్టూ గుడ్డపీలికలతో సందులు మూసేవాడు. పాట నేల అదరగొట్టేది. ఆలోచిస్తే అంతకంటే మంచి డబ్బా దొరకదు. వెనక గాలి లోపలే ఉండిపోతుంది. కాలిన మట్టి బిర్రుగా ఉంటుంది, డబ్బా తనంతట తాను ఊగి శబ్దం చెయ్యదు. గోడ గుండ్రం కాబట్టి ఎదురెదురు పలకల మధ్య అల కొట్టుకుంటూ నిలబడిపోయే బాధ లేదు. ఐస్‌క్రీం డబ్బాకి ఈ మూడూ లేవు. పలచన ప్లాస్టిక్ పలక పాటతోపాటు తనూ పాడుతుంది, అదీ అపస్వరంలో.

కుండ వద్దన్నాడు మనవడు, హాస్టల్లో నవ్వుతారట. సరేనని వడ్రంగి దగ్గర పన్నెండు ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కలు తెప్పించాను. లోపల మూడు లీటర్ల గాలి పట్టే పెట్టె. మూలలకి లోపలివైపు ఫెవికాల్ దండిగా పోసి, మరలు బిగించి, ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. ఇక్కడ వాడికి ఓపిక పోయింది. "ఎండిపోయింది తాతయ్యా" అని గంటకోసారి వచ్చి చూశాడు. సోల్డరింగు చేసినంతసేపూ లేచి నీళ్ళు కూడా తాగనివాడు, జిగురు ఆరేదాకా కూర్చోలేడు! తీగ బయటికొచ్చే కన్నాన్ని ఎం-సీల్‌తో మూయించాను. పాత దిండు విప్పి బూరుగుదూది పలచగా లోపల పరిపించాను. వెనకనుంచి ముందుకి తిరిగొచ్చే శబ్దాన్ని అది తాగుతుంది. కుక్కకూడదు, పరవాలి. దిండు సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

స్పీకర్లు బిగించేముందు ధ్రువాలు చూడమన్నాను. దానికి మీటరక్కర్లేదు. పెన్సిలు సెల్లు తీసుకుని ప్లస్‌ని ఎర్రగుర్తుకి, మైనస్‌ని రెండోదానికి ఒక్క క్షణం తాకించాలి. టక్‌మని అట్ట బయటికొస్తే గుర్తు సరి. లోపలికి పోతే తీగలు తారుమారు. రెండు స్పీకర్లలో ఒకటి తారుమారైతే ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది, మంద్రం మళ్ళీ మాయం. మావాడు తెచ్చిన రెండింట్లో ఒకదాని మీద గుర్తే లేదు.

బిగించాక ఆఖరి పరీక్ష. ఒక స్పీకరు అట్టని మూడు వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కాలి. రెండోది దానంతట అది బయటికొస్తే పెట్టెలో సందుల్లేనట్టు. నొక్కి ఉంచినంతసేపూ అది పొంగే ఉండాలి, వెంటనే కుంగిపోతే గాలి ఎక్కడో కారుతోందన్నమాట. రెండోది పొంగింది. పొంగినచోటే నిలబడింది. ఆ ముచ్చట ఫోనులో వీడియో తీశాడు.

చిప్పు మార్చలేదు. సెల్లు మార్చలేదు. యాభై వాట్లూ అక్కర్లేకపోయింది. డగ్గా మోగింది, వరండాలో కూర్చున్న పక్కింటాయన తల తిప్పి చూశాడు.

సెల్లు గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దీన్ని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఇదే సైజులో బజార్లో 9800 ఎంఏహెచ్ అని ముద్రేసిన సెల్లు అమ్ముతున్నారు. ఆ గొట్టంలో మహా పట్టించగలిగేది 3500 దరిదాపు. వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టండి. అసలుది నలభై అయిదు గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, ముద్ర గొప్పది చాలావరకు తేలిపోతుంది. ఈ మోసం కొత్తదని మాత్రం అనను. మా రోజుల్లో టూ-ఇన్-వన్ల మీద పీఎంపీఓ అని వందల వాట్లు రాసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పెట్టిన సెట్టు విప్పి చూస్తే లోపల నాలుగైదు వాట్ల ఐసీ బిక్కుబిక్కుమంటూ ఉండేది. అంకెలతో అబద్ధమాడటంలో మా తరం ఏమీ తీసిపోలేదు.

తేడా ఏమిటంటే, మా టార్చి సెల్లుకి కోపమొస్తే కారేది. స్ప్రింగు చిలుం పట్టేది, గీకి తుడిస్తే సరి. లిథియానికి కోపమొస్తే మంట. దాని ఒంటికి సోల్డరింగ్ ఐరన్ తాకించకూడదు, హోల్డరు కొనాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పగలగొట్టి సెల్లులు పీకడం గొప్పనుకునే పిల్లలున్నారు, వాళ్ళకి నమస్కారం. ఛార్జింగు బోర్డు టీపీ 4056లో రెండు రకాలుంటాయి. రెండూ 4.2 వోల్టుల దగ్గర ఛార్జింగు ఆపుతాయి. కానీ సెల్లు మరీ ఎండిపోకుండా, తీగలు షార్టయితే తెగేలా చూసే రక్షణ ఒకదాంట్లోనే ఉంటుంది. ధరలో తేడా అయిదో పదో. ఆ అయిదు రూపాయల దగ్గర కక్కుర్తిపడి, మెరిసే లైట్ల పట్టీకి రెండొందలు పోశాడు మావాడు. మార్పించాను.

లోపల ఇంకో రోగం ఉంది. పాట ఆగినప్పుడల్లా డబ్బా సన్నగా కుయ్యిమంటుంది. మాకు హమ్ము ఉండేది, వీళ్ళకి ఈ కూత. బ్లూటూత్ బోర్డూ యాంప్లిఫయరూ ఒకే సెల్లు మీద, ఒకే గ్రౌండు మీద నడుస్తుంటే, బ్లూటూత్ గెంతిన గెంతల్లా కరెంటులోంచి పాటలోకి దూరుతుంది. బ్లూటూత్ బోర్డుకి విడిగా ఐసొలేటెడ్ కన్వర్టరు పెడితే పోతుంది. చెప్పాను, విన్నాడు, పెట్టాడు. మంచి పిల్లాడే.

అన్నిటికంటే నాకు ఒళ్ళుమండేది స్విచ్చి వెయ్యగానే ఆ బోర్డులోంచి అరిచే ఆడగొంతు. డివైజ్ సిద్ధంగా ఉందని ఇంగ్లీషులో ఒక కేక, ఫోను కలిస్తే ఇంకో కేక. పాట ఎంత నెమ్మదిగా పెట్టుకున్నా ఆవిడ గొంతు తగ్గదు. తెల్లవారుజామున భక్తిరంజని వేళకి వినే వయసు నాది, ఇల్లంతా లేస్తుంది. పైగా దానికి తాళం లేదు. ఎవరి ఫోనుకి కనపడితే వాళ్ళకి కలిసిపోతుంది. మొన్న నేను అన్నమయ్య కీర్తన వినబోతే, మేడమీద అద్దెకున్న కుర్రాడి పాట మా గదిలో మోగింది.

వాల్యూముకి మర లేదు. తిప్పే గుండీ లేని పాటల పెట్టె ఒక పెట్టేనా? "ఫోనులో తగ్గించుకో తాతయ్యా" అంటాడు. ఫోను ఎక్కడుందో వెతుక్కుని, కళ్ళజోడు వెతుక్కుని, లాకు తీసి తగ్గించేలోపు పాట అయిపోతుంది. గుండీ పెట్టేదాకా నా గదిలోకి ఆ పెట్టె రానివ్వనని చెప్పాను. వెళ్ళి తెచ్చాడు, రెండు ఛానెళ్ళకీ కలిపి తిరిగే పది కె కంట్రోలు. తీరా చూస్తే లీనియరు. మన చెవికి లాగ్ కావాలి. లీనియరు పెడితే మొదటి పావు తిప్పుడులోనే సందడంతా వచ్చేస్తుంది, మిగిలిన ముప్పావూ ఊరికే తిరుగుతుంది. లాగ్ దొరకలేదట, ఆ మాట అడిగితే కొట్టువాడు వింతగా చూశాడట.

దానికీ మందుంది. ఒక్కో ఛానెలుకి నడిమి కాలునుంచి గ్రౌండుకి ఒకటిన్నర కె రెసిస్టెన్స్ వేస్తే లీనియరు దాదాపు లాగ్‌లా తిరుగుతుంది. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు పట్టీలది రెండు తెచ్చుకోరా అన్నాను.

ఫోను తీసి చాలాసేపు గీకాడు.

"అలాగని ఏ వీడియోలోనూ లేదు తాతయ్యా" అన్నాడు.